మోసేవాడి ఊపిరి



కొండదారుల వెంట పరుగెత్తే అలవాటున్న మా మేనల్లుడు రెండేళ్ల క్రిందట నన్నొక ప్రశ్న అడిగాడు. "మామయ్యా, పరుగుకు వెళ్లినప్పుడు నా వీపున నాలుగు కిలోల సంచి ఉంటుంది. అందులో ఒక కిలో తగ్గించుకున్నా, ఒంట్లో ఒక కిలో తగ్గించుకున్నా ఒకటే కదా?" నేను ఆలోచించకుండానే "ఒకటేరా" అన్నాను. భౌతికశాస్త్రం ప్రకారం ఆ జవాబులో పెద్ద తప్పు లేదు. వైద్యుడి నోట రావలసిన జవాబు మాత్రం అది కాదు. ఎందుకు కాదో నాలుగు నెలల తరువాత అతని కాలి ఎముక చెప్పింది. ఆ సంగతికి చివర వస్తాను. ఈలోగా, ఆ ప్రశ్నకు సరైన జవాబు వెదుకుతూ నేను తిరగేసిన చరిత్రను మీ ముందుంచుతాను.

బరువు మోసే మనిషిని మొదట శ్రద్ధగా గమనించినవారు వైద్యులు కారు, సేనాధిపతులు. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దం చివర రోమన్ సేనాని మారియస్, సైన్యం వెంట నడిచే బండ్లను తగ్గించి, ఎవరి సామాను వారే మోయాలని కట్టడి చేశాడు. ఆ సైనికులకు 'మారియస్ కంచరగాడిదలు' అనే పేరు స్థిరపడింది. ఆ తరువాత కొన్ని శతాబ్దాలకు వెజీషియస్ అనే రచయిత కొత్తగా చేరిన సైనికుల శిక్షణను గురించి వ్రాస్తూ, వారు 60 రోమన్ పౌండ్ల బరువుతో నడవడం అలవాటు చేసుకోవాలన్నాడు. మన లెక్కలో అది ఇంచుమించు 20 కిలోలు. ఇది అనుభవం నేర్పిన అంకె. దానిలో కొలత లేదు. మోసేవాడి లోపల ఏమి జరుగుతున్నదో తెలియాలంటే ముందు అతని ఊపిరిని పట్టి కొలవడం నేర్చుకోవాలి.

ఆ పని ఫ్రాన్సులో జరిగింది. 1789 ప్రాంతంలో లావోయిజియే తన సహచరుడు సెగాన్ మీద ఒక ప్రయోగం చేశాడు. ముఖానికి తొడుగు తగిలించుకున్న సెగాన్, కాలితో ఒక బరువును పదే పదే పైకెత్తుతుంటే, అతడు వాడుకునే ప్రాణవాయువు విశ్రాంతిలో వాడేదానికి రెండు రెట్లు మించిపోయింది. మనిషి శ్రమను ప్రాణవాయువుతో కొలిచిన తొలి ప్రయోగం బరువెత్తడంతోనే మొదలైందన్నమాట. అయిదేళ్లు తిరగకుండానే విప్లవ ప్రభుత్వం లావోయిజియే తల నరికింది. ఆ ప్రశ్న తిరిగి అంత శ్రద్ధగా చేపట్టే వారికోసం దాదాపు నూరేళ్లు ఎదురుచూడవలసి వచ్చింది.

ఆ చేపట్టినవాడు బెర్లిన్ వ్యవసాయ కళాశాలలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన నాథన్ జుంట్స్. గుర్రాలను నడిపించి వాటి శ్వాసను కొలిచేందుకు 1889లోనే నడక యంత్రాన్ని కట్టించినవాడు. నేడు వ్యాయామశాలల్లో మనం చూసే ట్రెడ్‌మిల్‌కు అది తాతవంటిది. జుంట్స్, సైనిక వైద్యుడు షుంబర్గ్ కలిసి వైద్య విద్యార్థులకు సైనికుల దుస్తులు తొడిగి, వీపున మూటలు కట్టి, మైళ్ల కొద్దీ నడిపించారు. నడిచేవాని శ్వాసను కొలిచే పరికరాన్ని కూడా నడిచేవాని వీపునే కట్టారు. బరువు ప్రభావాన్ని కొలిచేందుకు మరికొంత బరువు! నాడి, శ్వాస, చెమట, మూత్రం, గుండె పరిమాణం, ఒక్కటీ వదలకుండా పరీక్షించి 1901లో ఆ ఫలితాలను గ్రంథంగా వెలువరించారు.

ఆ గ్రంథసారం నేటికీ పాతబడలేదు. చల్లని రోజున 22 కిలోలతో నడిచిన యువకుడికి చెప్పుకోదగిన ఇబ్బంది కలగలేదు. ఎండ రోజున అదే బరువు కొద్దిపాటి అలజడి కలిగించింది, అది మరునాటికి సర్దుకొన్నది. 27 కిలోలైతే ఎండ రోజు కలిగిన ఇబ్బంది మరునాటికి కూడా పూర్తిగా పోలేదు. 31 కిలోలు చల్లని రోజున సైతం హాని చేశాయి. మరొక విశేషం ఏమంటే, 27 కిలోల బరువుకు దేహం అభ్యాసంతో కొంత అలవాటు పడింది. 31 కిలోలకు ఎంత అభ్యాసం చేసినా అలవాటు పడలేదు. అలవాటుకు ఒక గీత ఉన్నదని, ఆ గీత దాటిన బరువుకు సాధన పనికిరాదని కొలతతో చూపిన తొలి సందర్భం నాకు తెలిసినంతలో ఇదే. మన పెద్దలు 'అలవాటైతే అదే పోతుంది' అంటుంటారు. గీతకు ఇవతల ఆ మాట నిజమే.

ఈ జ్ఞానమంతా ఉండి కూడా యుద్ధం వచ్చేసరికి ఎవరికీ గుర్తు రాలేదు. 1916 జూలై 1న సోమ్ యుద్ధంలో ముందుకు సాగిన బ్రిటిష్ సైనికుని మీద సుమారు 30 కిలోల బరువు ఉంది. యుద్ధానంతరం కాథ్‌కార్ట్ బృందం బ్రిటన్‌లో మళ్లీ కొలతలు తీసింది. వాటిని పరిశీలించినవారు సైనికుని మూట అతని దేహబరువులో మూడవ వంతుకు మించరాదని సిఫారసు చేశారు. 1944లో నార్మండీ తీరాన దిగిన అమెరికన్ సైనికులలో కొందరు తమ మూటల బరువుకే నీటిలో మునిగిపోయారు. 1950లో మార్షల్ అనే సైనిక చరిత్రకారుడు ఈ మతిమరుపు మీదనే ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. సిఫారసులు చేసేవారు వేరు, మూట కట్టేవారు వేరు కావడమే ఇందుకు కారణమని నా ఊహ.

ఎంత బరువు అన్న ప్రశ్న నుంచి ఎక్కడ బరువు అన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞుల దృష్టి మళ్లినది 1960ల చివరలో. 1969లో అమెరికా సైనిక ప్రయోగశాలకు చెందిన సౌల్, గోల్డ్‌మన్ ఒకే మనిషి చేత తల మీద, చేతులలో, పాదాలకు కట్టి బరువులు మోయించి చూశారు. తల మీది కిలోకు అయ్యే శక్తివ్యయం ఒంటి కిలోకు అయ్యేదానికన్నా కొంచెమే ఎక్కువ. పాదాన కట్టిన కిలోకు మాత్రం నాలుగు నుంచి ఆరు రెట్లు ఖర్చయింది. కారణం సులభంగానే అర్థమవుతుంది. మొండెం మీది బరువు మొండెంతో పాటు సాఫీగా సాగిపోతుంది. పాదం ప్రతి అడుగుకూ ఆగుతుంది, మళ్లీ విసురుగా ముందుకు పోతుంది. దానికి తగిలించిన బరువును ప్రతిసారీ కొత్తగా కదిలించాలి, కొత్తగా ఆపాలి. కాలి మీది ఒక పౌను వీపు మీది అయిదు పౌన్లతో సమానమని పర్వతారోహకులు చెప్పుకునే మాటకు ఇదే ఆధారం. పరుగులోనూ ఇంతే. ఒక్కొక్క బూటుకు 100 గ్రాములు పెరిగితే ప్రాణవాయు వ్యయం సుమారు ఒక శాతం పెరుగుతుందని తరువాతి ప్రయోగాలు చూపాయి.

ఈ దారిలో మన దేశపు శాస్త్రజ్ఞుల పని ఒకటి నాకు చాలా ఇష్టం. 1971లో దత్తా, రామనాథన్ ఒకే బరువును ఏడు విధాలుగా మోయించి పోల్చారు. తల మీద గంప, వీపున సంచి, ఎదకూ వీపుకూ సమంగా పంచిన జంట సంచి, భుజాన బియ్యపు బస్తా, నుదుటి పట్టీతో వ్రేలాడే మూట, కావడి, చివరికి రెండు చేతులా పట్టుకొన్న సంచులు. జంట సంచికి అన్నిటికన్నా తక్కువ శక్తి ఖర్చయింది, చేతి సంచులకు అన్నిటికన్నా ఎక్కువ. ఇప్పుడు కొండదారుల పరుగువీరులు తొడుగుకునే చొక్కావంటి సంచిని చూడండి. నీటి సీసాలు ఎద మీద, మిగతా సామాను వీపున. దాని లోపల ఉన్నది ఆ జంట సంచి సూత్రమే.

ఇంతవరకూ చెప్పినది ఎక్కువగా నడక. పరుగు కథ వేరు. 1980లో హార్వర్డ్‌కు చెందిన రిచర్డ్ టేలర్ బృందం ఎలుకలు, కుక్కలు, గుర్రాలు, మనుషుల మీద బరువులు కట్టి పరుగెత్తించింది. అన్నిటికీ ఒకే సూత్రం వర్తించింది. దేహబరువులో పదవ వంతు కట్టితే ప్రాణవాయు వ్యయం పదవ వంతు పెరిగింది. మా మేనల్లుడు 70 కిలోల మనిషి అనుకుంటే, అతని నాలుగు కిలోల సంచి సుమారు ఆరు శాతం ఖర్చు పెంచుతుంది. ఇందులో రాయితీ ఏదీ లేదు.

అయితే అదే టేలర్, నైరోబీకి చెందిన మలోయ్, మరికొందరు కలిసి 1986లో ప్రకటించిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది. కెన్యాలోని లువో, కికుయు స్త్రీలు తమ దేహబరువులో అయిదవ వంతు వరకూ తల మీద మోస్తూ నడిచినా ప్రాణవాయు వ్యయం ఏమీ పెరగలేదు. ఊరికే వచ్చిన మోతన్నమాట! దీనికి కారణం 1995లో కొంత తెలిసింది. మనం నడిచేటప్పుడు దేహం తలక్రిందులైన లోలకంలాగా ఊగుతుంది. ఎత్తు నుంచి వేగానికి, వేగం నుంచి ఎత్తుకు శక్తి అటూ ఇటూ మారుతుంటుంది. ఆ మార్పిడిలో కొంత శక్తి వృథా అవుతుంది. చిన్నతనం నుంచి తలమోతకు అలవాటుపడిన ఆ స్త్రీలు, తల మీద బరువు ఉన్నప్పుడు ఆ వృథాను తగ్గించుకోగలుగుతున్నారు. పరుగులో ఇది సాధ్యం కాదు. పరుగెత్తే దేహం లోలకంకాదు, నేలకు కొట్టిన బంతి. ప్రతి అడుగుకూ మొత్తం బరువును గాలిలోకి ఎగరవేయాలి.

2005లో నేపాల్ కూలీల మీద జరిగిన పరిశోధన మరింత విస్మయం కలిగించింది. నామ్చే బజారుకు దాదాపు 100 కిలోమీటర్ల కొండదారిన వారంరోజులకు పైగా నడిచివచ్చే ఆ కూలీలు, తమ దేహబరువుకు సమానమైన మూటలను, కొందరు అంతకు మించిన వాటిని, నుదుటి పట్టీతో మోస్తారు. ఆఫ్రికా స్త్రీలకన్నా వీరు మరింత పొదుపుగా మోస్తున్నారని తేలింది. వారి పద్ధతి చూడదగినది. చాలా నెమ్మదిగా నడుస్తారు, కొద్దిసేపటికొకసారి ఆగుతారు. ఆగినప్పుడు చేతిలోని 'తోక్మా' అనే పొట్టి ఊతకర్రను మూట క్రింద ఆనించి, మూట దించకుండానే ఊపిరి పీల్చుకుంటారు. వేగాన్ని వదులుకొని ఓర్పును సంపాదించే ఈ ఉపాయం, దూరాలు పరుగెత్తే యువకులు పతకాల మీది మోజులో మరచిపోయేది.

ఈ పరిశోధనలు చదివినప్పుడు నాకు ఆనందంతో పాటు ఒక శంక కూడా కలిగింది. ముప్పయ్యేళ్లకు పైగా వైద్యం చేసిన నా దగ్గరకు మార్కెట్ యార్డుల హమాలీలు, బిందెల మీద బిందెలు పెట్టుకొని నీళ్లు మోసిన పల్లె స్త్రీలు వచ్చేవారు. వారిలో ఆయాసంతో వచ్చినవారు తక్కువ. మెడనొప్పి, నడుమునొప్పి, మోకాళ్ల అరుగుదలతో వచ్చినవారే ఎక్కువ. ప్రాణవాయువు లెక్కలో 'ఊరికే' అనిపించినది మెడ ఎముకల లెక్కలో ఊరికే కాదేమో! 2010లో దక్షిణాఫ్రికాలో షోసా స్త్రీల మీద జరిగిన అధ్యయనం ఈ శంకకు బలమిచ్చింది. రే లాయిడ్ బృందం పరిశీలించిన ఆ స్త్రీలలో తలమోతకు వీపుమోతకన్నా చవక అన్న సూత్రం నిలబడలేదు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క తీరుగా ఫలితం వచ్చింది. మెడనొప్పి ఫిర్యాదులు మాత్రం వినిపించాయి. మోసేవారి నేర్పును మెచ్చుకోవడం మంచిదే. ఆ మెప్పు వారి నెత్తిన మరొక బస్తా వేయడానికి అనుమతిపత్రం కారాదు. 2001లో పెరూ దేశం ఇంకా బాటలోని కూలీల మూటకు 20 కిలోల పరిమితి విధిస్తూ చట్టం చేసింది. అలాంటి చట్టం వచ్చిందంటే, మోత హాయిగా ఉందని వారు ఎన్నడూ అనలేదనే కదా అర్థం.

ఇప్పుడు మా మేనల్లుడి ప్రశ్నకు దగ్గరగా వద్దాం. 1978లో అమెరికాలో కర్క్ క్యూరెటన్ బృందం వ్యాయామం చేసేవారి మొండేనికి వారి బరువులో 5, 10, 15 శాతాల చొప్పున అదనపు బరువు కట్టి పరీక్షించింది. వారి గుండె, ఊపిరితిత్తులు నిమిషానికి అందించగల గరిష్ఠ ప్రాణవాయువు మొత్తం ఏమీ మారలేదు. మారినదల్లా కిలో ఒక్కంటికి వచ్చే వాటా. 12 నిమిషాలలో పరుగెత్తగల దూరం, ప్రతి 5 శాతం బరువుకూ సగటున 89 మీటర్లు తగ్గింది. ఇంటి ఆదాయం పెరగకుండా పంక్తిలో మనుషులు పెరిగినట్లు. ఈ ప్రయోగంలో కట్టిన బరువు కొవ్వుకు బదులుగా కట్టినది. కనుక ఒంటి మీది అనవసరపు కొవ్వు, వీపున మోసే సంచి, రెండూ పరుగును ఒకే తీరున మందగింపజేస్తాయి. నేను "ఒకటేరా" అన్నది ఈ ప్రయోగం ఆధారంగానే.

కొండ ఎక్కేటప్పుడు ఈ లెక్క మరీ స్పష్టం. ఒక కిలోను 1000 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన పని ఇంచుమించు రెండుంబావు కిలోకాలరీలు. కండరాలు తాము ఖర్చుచేసే శక్తిలో నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలవు కనుక, దేహానికి అయ్యే ఖర్చు తొమ్మిది పైచిలుకు. ఒక బిస్కత్తు అంత కూడా లేదు కదా అనిపిస్తుంది. కష్టం కాలరీలలో లేదు, వేగంలో ఉంది. ప్రాణవాయువు సరఫరాకు నిమిషానికి ఇంత అని పరిమితి ఉన్నందువలన, అదనపు కిలోను ఎక్కించడానికి ఎక్కువ నిమిషాలు పడతాయి.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. 1952లో లండన్‌లో అబాట్, బిగ్లాండ్, రిచీ అనే ముగ్గురు రెండు సైకిళ్లను వెనుక వెనుకగా అమర్చి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతుంటే మరొకరు ఆ పెడళ్లను అడ్డగించాలి. సన్నని యువతి అయిన బ్రెండా బిగ్లాండ్ సునాయాసంగా అడ్డగిస్తూ, తొక్కుతున్న పురుషుడిని అలసిపోయేటట్లు చేసింది. సాగుతూ ఆపే కండరానికి ప్రాణవాయువు చాలా తక్కువ కావాలి. కొండ దిగడం ఇలాంటి పనే. అందువలన దిగేటప్పుడు ఆయాసం రాదు, హాయిగా ఉంటుంది. కానీ సాగుతూ ఆపే ఆ పనిలోనే కండరపు పోగులు సూక్ష్మంగా చిరుగుతాయి. మరునాడు మెట్లు దిగలేక గోడ పట్టుకునేది అందువల్లనే. వీపున బరువు ఉంటే ఆ చిరుగు ఎక్కువ. ఊపిరి దానిని పట్టించదు, తొడలు రెండవ రోజు పట్టిస్తాయి.

నీటి సంగతి ఒక్కటి చెప్పి ముందుకు సాగుతాను. లీటరు నీరు ఒక కిలో, దానిని తప్పించుకోలేము. 1988లో అమెరికాలోని టెక్సాస్‌లో మండుటెండలో జరిగే సైకిల్ పందెంలో పాల్గొన్న మైకేల్ ఐడ్సన్ అనే అత్యవసర వైద్య సహాయకుడు, సెలైన్ ఎక్కించే సంచిని నీటితో నింపి, మేజోడులో దూర్చి, చొక్కా వెనుక తగిలించుకొని, గొట్టంతో త్రాగుతూ సైకిలు తొక్కాడు. నేటి వీపునీటి సంచులకు ఆ సెలైన్ సంచి మూలం. మా వైద్యరంగపు వస్తువు ఇలా ఊరేగడం నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. మొరాకో ఎడారిలో 1986 నుంచి జరుగుతున్న మారథాన్ దే సాబ్ల్ పందెంలో వారం రోజుల తిండి ఎవరిది వారే మోయాలి, నీరు కాక సంచి కనీసం ఆరున్నర కిలోలు ఉండాలని నియమం. మోసే బరువే తినే అన్నం కనుక, దానిని మరీ తగ్గించుకున్నవాడు ఆకలితో పరుగెత్తుతాడు.

మా మేనల్లుడు చేసినది సరిగ్గా ఆ పనే, కాకపోతే సంచిలో కాదు, ఒంట్లో. నా "ఒకటేరా" విన్న తరువాత అతడు సంచిని ముట్టుకోలేదు. రాత్రి భోజనం మానేశాడు, అన్నం సగానికి తగ్గించాడు, పరుగు మాత్రం పెంచాడు. నాలుగు నెలలలో ఏడు కిలోలు తగ్గాడు. మొదట పరుగు వేగం పెరిగింది, క్యూరెటన్ చెప్పినట్లే. ఆ తరువాత మోకాలి క్రింద ముందుభాగపు ఎముకలో నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. స్కాన్‌లో సన్నని పగులు బయటపడింది.

ఈ పగులుకూ బరువు చరిత్రలో చోటుంది. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైథౌప్ట్, దీర్ఘమైన కవాతుల తరువాత సైనికుల పాదాలు వాచి నొప్పి పుట్టడాన్ని వర్ణించాడు. అది ఎముకలోని పగులని 1897లో ఎక్స్‌రే చూపింది. 'మార్చ్ ఫ్రాక్చర్' అన్న పేరు అలా వచ్చింది. జుంట్స్ విద్యార్థుల శ్వాసను కొలుస్తున్న కాలంలోనే, పక్క గదిలో అన్నట్లు, శ్వాసకు తెలియని లెక్కను ఎముకలు వ్రాసుకుంటున్నాయి. ఎముక ప్రతిరోజూ కొంచెం చితికి, రాత్రికి కొంచెం కట్టుకుంటుంది. కట్టుకోవడానికి అన్నం కావాలి. శ్రమకు తగినంత తిండి లేకపోతే శరీరం ఈ మరమ్మతుకూ, లైంగిక హార్మోన్లకూ కోతపెడుతుంది. స్త్రీలలో నెలసరి ఆగడం ఇందుకు గుర్తు. అందుకే 1990లలో దీనిని మహిళా క్రీడాకారుల సమస్యగానే పరిగణించారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘపు నిపుణులు దీనిని పురుషులకూ వర్తింపజేసి, క్రీడాకారులలో శక్తిలోటు అని విస్తరించారు. పురుషుడికి నెలసరి వంటి హెచ్చరిక గంట లేదు కనుక, తరచుగా మొదట మాట్లాడేది ఎముకే.

అప్పుడు నాకు నా జవాబులోని లోపం తెలిసింది. వీపు సంచిలో నుంచి తీసివేసిన కిలో కిలోగానే పోతుంది. అది పోయినందువలన దేహంలో ఏదీ ఆగిపోదు. ఒంట్లో నుంచి పోయే కిలోలో కొవ్వు ఎంతో, కండ ఎంతో, ఎముక బలం ఎంతో తూకపు యంత్రం చెప్పదు. నిజంగా అధిక బరువున్న మనిషి నెమ్మదిగా కొవ్వు తగ్గించుకోవడం వేరు. అప్పటికే సన్నగా ఉన్న యువకుడు ఆకలితో తగ్గడం వేరు. నేను ఆ రోజు అడగవలసిన మొదటి ప్రశ్న "నీ బరువెంత, ఎంత తింటున్నావు?" అన్నది. అడగలేదు.

పగులు మానడానికి మూడు నెలలు పట్టింది. తిరిగి పరుగు మొదలుపెట్టే ముందు అతని ఆహారాన్ని మా ఇంట్లోనే కూర్చొని లెక్క వేశాము. రాత్రి భోజనం తిరిగి వచ్చింది, పప్పు, గుడ్డు, పెరుగు పెరిగాయి. సంచిని కూడా విప్పి చూశాము. రెండు టార్చిలైట్లు, ఎన్నడూ వాడని మందపాటి చొక్కా, ఒక పెద్ద పవర్‌బ్యాంక్. తీసివేస్తే కిలోకు పైగా తగ్గింది. బూట్లు మార్చుకున్నాడు, జతకు రెండు వందల గ్రాములు తేలిక. పోయిన నెలలో మళ్లీ కొండెక్కి వచ్చి ఫోను చేశాడు. ఒళ్లు అయిదు కిలోలు పెరిగిందట, సమయం పాతదానికన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ పట్టిందట. "దిగేటప్పుడు నొప్పి ఉందా?" అని అడిగాను. "లేదు మామయ్యా, ఆకలేస్తోంది" అన్నాడు.